తొమ్మిది: పదనిర్మాణము, పూర్వచరిత్ర

సంఖ్యావాచకములు భాషలో మిక్కిలి స్థిరములైన మాటలలోనివి. నిత్యవ్యవహారమున నెన్నిసారులో నోటవచ్చు మాట లగుటచేతనే వాని స్వరూపమును గూర్చి యాలోచించు నవసరము సామాన్యముగా కలుగదు. ఒకటి మొదలు పదివఱకు గల తెలుఁగు సంఖ్యలను వరుసగా చెప్పి చూచినచో ఒక విశేషము కనఁబడును. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆఱు, ఏడు అనునవి చిన్నమాటలు. ఎనిమిది, తొమ్మిది అనునవి పెద్దమాటలు; రెండును 'మిది' యని ముగియుచున్నవి. వాని వెంటనే వచ్చు పది చిన్నమాట. పెద్దమాటలు రెంటి చివరను ఆ పదియే దాఁగియున్నదా? ఉన్నచో, పదికి లోఁబడిన సంఖ్యలో పది యెట్లు చేరినది? ఈ వ్యాసమున తొమ్మిది యను మాటను ప్రధానముగా తీసికొని యీ ప్రశ్నను పరిశీలింతుము.

ముందుగా మా యభిప్రాయమును చెప్పుదుము. 'పదికి ఒకటి తక్కువ' అని యీ మాటకు చెప్పఁబడుచున్న భావము సరియైనదే కాని, ఆ భావమును సాధించుటకు 'ఒకటి' యను శబ్దమును మూలముగా తీసికొనుట సరికాదు. తొమ్మిదిలోని తకారము మొదటినుండియు నున్నదే. ఆ తకారమును తొమ్మిది మాటయందు నిలుపుకొన్న సాక్షి తెలుఁగు.

దక్షిణదేశభాషలలోని రూపములను పోల్చి చూతము. 9, 90, 900 అను మూఁడు సంఖ్యలను కలిపి చూడక తప్పదు. తెలుఁగున నివి తొమ్మిది, తొంబది, తొమ్మన్నూఱు. తమిళమున ఒన్పదు, తొణ్ణూఱు, తొళ్ళాయిరం. మలయాళము తమిళము వెంటనే నడచును. కన్నడమున ఒంబత్తు, తొంబత్తు, ఒంబైనూఱు. తుళువున తొమ్మిదిని ఒర్మ్బ అందురు. ఈ పట్టికను చూచిన వెంటనే రెండు విషయములు స్పష్టమగును. తమిళ, కన్నడ, మలయాళ, తుళు భాషలలో తొమ్మిది అచ్చుతో మొదలగుచున్నది. తెలుఁగున తకారముతో మొదలగుచున్నది. ఇది మొదటిది. తొమ్మిదిలో తకారము లేని తమిళ కన్నడములలో సయితము తొంబదిలో తకారమున్నది. ఇది రెండవది.

తొమ్మిది పుట్టుకను గూర్చిన చర్చలు సామాన్యముగా తమిళరూపముతో మొదలగును. ఒన్పదు అనుదానిని ఒన్ + పదు అని విడదీసి, 'ఒన్' అనఁగా ఒకటి, 'పదు' అనఁగా పది, కాఁబట్టి ఒకటి తక్కువైన పది యని యర్థము చెప్పుదురు. ఇట్టి లెక్క లోకమున లేనిది కాదు. సంస్కృతమున 19కి ఏకోనవింశతి, ఊనవింశతి యను మాటలున్నవి. లాటిన్ భాషలో ఇరువదినుండి ఒకటి యను నర్థమున ఉన్దేవిగింతి యని యందురు. ఫిన్నిష్ భాషలో 8, 9 సంఖ్యల మొదటిభాగములలో రెండు, ఒకటి యను మాటలు కనఁబడుచున్నవి. కావున భావమున నసంభవ మేమియు లేదు. ఆక్షేపణము శబ్దమునందే కలదు.

ఒన్పదు మూలరూపమైనచో తెలుఁగు తొమ్మిదికి తకార మెక్కడనుండి వచ్చినది? పదాదిని అకారణముగా తకారము చేరుట తెలుఁగున లేదు. ఒకటి, ఒండు, ఒరులు మొదలగు మాటలలో నెక్కడను తకారము చేరలేదు. పోనీ, తెలుఁగునందే యేదో విశేషకారణమున చేరిన దందమా, తమిళ తొణ్ణూఱునకు, కన్నడ తొంబత్తునకు సమాధానము చెప్పవలసియుండును. మూఁడు భాషలలోను ఒకే తకారము వేర్వేఱుగా పుట్టినదనుటకంటె, మొదట నంతట నుండి కొన్నిచోట్ల పోయినదనుట యుక్తము.

తమిళవ్యాకర్త లీ చిక్కును చక్కగా గుర్తించిరి. తొల్కాప్పియము ఎళుత్తదికారమున ఒన్పదు పదితో కలిసినప్పుడు తొణ్ణూఱు ఏర్పడుటకు సూత్రము చెప్పఁబడినది. ఆ ప్రక్రియలో ఒకారమునకు ముందు తకారము వచ్చును. నకారము ణకారమై ద్విత్వము పొందును. పది శబ్దము క్రమముగా నూఱు రూపమును దాల్చును. 900 విషయమున నకారము ళకారమై ద్విత్వము పొందుననియు, నూఱు అను మాటయే వర్ణలోపాగమములచే ఆయిరముగా మాఱుననియు చెప్పఁబడినది. 13వ శతాబ్ది ప్రాంతపు నన్నూలు కూడ ఇట్టి మార్గమునే యనుసరించినది. వాడుకలోని రూపమునుండి వాడుకలోని మఱియొక రూపమును సాధించుట వ్యాకరణమునకు ధర్మమే. చరిత్రకారుఁ డా సూత్రములను వెనుకనుండి ముందునకు చదువవలెను. సూత్రము చేర్చిన తకారము పూర్వమున్న తకారము. సూత్రము నకారమునుండి మార్చిన ణకార ళకారములు పూర్వమున్న ణకార ళకారములు. మాఱినది తొణ్ణూఱు కాదు, ఒన్పదు.

తమిళమునందే దీనికి మఱియొక సాక్ష్యము కలదు. ప్రాచీన తమిళమున తొమ్మిదికి 'తొణ్టు' అను మాట యుండెను. పరిపాడల్ మూఁడవపాటలో సంఖ్యలను వరుసగా పేర్కొనుచు ఎనిమిది తరువాత వచ్చు సంఖ్యకు తొణ్టు అను మాటనే వాడిరి. తరువాతి కాలమున నా మాట వ్యవహారమునుండి తొలఁగినది. తకారముతోడి తొమ్మిది తమిళులకును ఒకప్పుడు తెలిసినదే యని దీనివలన తేలుచున్నది.

ఇఁక ఒన్పదులోని తకారము పోవుటకు, ణకారము నకారమగుటకు కారణమేమి? ఒకేమాటలో నీ రెండు మార్పులును జరిగి, ఆ మాట 'ఒన్ఱు' అను ఒకటికి సరిగా దగ్గఱకు చేరుట యాదృచ్ఛికము కాదు. పదికి ఒకటి తక్కువ యను భావము మనసున నుండుటచే, అర్థము మఱుఁగుపడిన మొదటిభాగమును జనులు ఒకటిగా సరిదిద్దుకొనిరి. సంఖ్య లొకదానినిబట్టి యొకటి రూపము మార్చుకొనుట ఇతరభాషలలోను కలదు. సంస్కృతమున నవ, లాటిన్‌లో నోవెమ్ అనునవి నకారముతో మొదలగుచుండఁగా, రష్యన్ భాషలో తొమ్మిది 'దేవ్యత్' అని దకారముతో మొదలగును. పక్కనున్న పదికి రష్యన్‌లో 'దేస్యత్' అని పేరు. దాని ప్రభావమే యీ దకారము.

మొదటిభాగపు మూలరూపము నిఁక నిర్ణయింతము. తెలుఁగువారికి వెంటనే తోఁచు మాట 'తొలి'. తొలి పది, పదికి ముందటిది యని యర్థము చక్కగా కుదురునట్లే యుండును. కాని ధ్వని యొప్పుకొనదు. తొలి శబ్దమున నున్నది దంత్యలకారము. తమిళమున 'తొల్' అనఁగా ప్రాచీనము. లకారాంతమునకు పది చేరినప్పు డేమగునో నలువది చెప్పుచున్నది: తమిళమున నాల్ + పదు నాఱ్పదు అయినది, తెలుఁగున నలువది యైనది. తొల్ + పది యైనచో తమిళమున తొఱ్పదు, తెలుఁగున తొలువది వంటి రూపములు రావలెను. రాలేదు.

తొళ్ళాయిరములోనిది మూర్ధన్యళకారము. దీనికి సరిపోలు మాట యొకటి మనకు బాగుగా తెలిసినదే. తెలుపు అను నర్థముగల 'వెళ్' శబ్దము తమిళమున అచ్చు పరమగునప్పుడు వెళ్ళాడు అను మాటలోవలె ద్విత్వళకారముతో నుండును. నకారము పరమగునప్పుడు వెణ్ణెయ్ అగును. పకారము పరమగునప్పుడు వెణ్పా యగును. మన వెన్న, వెన్నెల ఈ వెళ్ శబ్దముతో నేర్పడినవే. దీని ప్రక్కన తొళ్ శబ్దము నుంచుఁడు. అచ్చు పరమైనప్పుడు తొళ్ళాయిరం. నకారము పరమైనప్పుడు తొణ్ణూఱు. పకారము పరమైనప్పుడు తొణ్పది. వెళ్ళాడు, వెణ్ణెయ్, వెణ్పా అను మూఁడు రూపములకు నీ మూఁడు రూపములు నొక్కొక్కటిగా సరిపోవుచున్నవి. కావున మొదటిభాగము తొళ్ అనియు, సంధిలో అది తొణ్ అగుననియు నిశ్చయింపవచ్చును.

ఈ తొళ్ శబ్దమును రంధ్రమను నర్థముగల తొళ్ ధాతువుతో ముడిపెట్టి, శరీరమునందలి తొమ్మిది ద్వారములనుబట్టి యీ పేరు కలిగినదని చెప్పువారును కలరు. మన 'తొలుచు' ఆ ధాతువునకు సంబంధించినదే. శరీరము నవద్వారపుర మను భావన అథర్వవేదమునందును భగవద్గీతయందును కలదు. కాని యీ వ్యుత్పత్తి తొణ్టు అను ఒక్కమాటకు మాత్రమే యర్థము చెప్పఁగలదు. తొమ్మిది చివర పది యేల యుండవలెనో, తొణ్ణూఱు చివర నూఱు ఏల యుండవలెనో చెప్పలేదు. పదమునందలి యొక భాగమును మాత్రము వివరించి రెండవభాగమును విడుచు వ్యుత్పత్తిని స్వీకరింపఁజాలము.

రెండవభాగము పది యనుట తెలుఁగు ధ్వనిపరిణామముచే సులభముగా నిరూపింపవచ్చును. తొణ్ + పది తొంబది యగును. కన్నడమున, తమిళమున నున్న మ్బ సంయోగము తెలుఁగున అనేకపదములలో ద్విత్వమకారమగును. కన్నడ కొంబు తెలుఁగున కొమ్ము. కన్నడ నంబు తెలుఁగున నమ్ము. తమిళ తంబి తెలుఁగున తమ్ముఁడు. ఆ విధముననే తొంబది తొమ్మది యైనది. చివరి ఇకారముచేత నడిమి అకారము ఇకారమైనది. కదలి కదిలి యైనట్లు, మెదలి మెదిలి యైనట్లు తొమ్మది తొమ్మిది యైనది. మనుష్యవాచకమైన తొమ్మండ్రు అను రూపమున అకార మిప్పటికిని నిలిచియున్నది. అచట ఇకారము పరము కాలేదు గదా. 900 అను నర్థముగల తొమ్మన్నూఱునందును అకారమే కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పది శబ్దపు మూలద్రావిడరూపమున పకారాకారములకు పిమ్మట కంఠ్యధ్వని యొకటి యుండెననియు, చివరిది ప్రత్యయమనియు నిరూపించినారు. తమిళమున 'పఃతు' అను రూపమునందలి ఆయ్తమునకు మూల మిదియే. కావున తొమ్మండ్రులో 'ది' లేకున్నను పది శబ్దపు ముఖ్యాంశము మకారరూపమున మిగిలియున్న దనవచ్చును.

ఇపు డసలు చిక్కు వచ్చుచున్నది. తొమ్మిది తొణ్ + పది యైనచో తొంబదియు తొణ్ + పదియే కదా. అవే రెండు భాగములు ఒకచోట 9, మఱియొకచోట 90 ఎట్లు కాఁగలవు? తొంబదిని బట్టి చూచినచో తొణ్ అనఁగా తొమ్మిది. తొమ్మిది పదులు తొంబది. తొమ్మిదిని బట్టి చూచినచో తొణ్ తొమ్మిది కానేరదు. తొమ్మిది పదులు తొమ్మిది కావు గదా.

ఈ చిక్కును తమిళసంఖ్యలు విడదీయుచున్నవి. తొణ్ణూఱులో నున్నది నూఱు. తొళ్ళాయిరములో నున్నది ఆయిరము, అనఁగా వేయి. తొణ్ తొమ్మిది యైనచో తొణ్ణూఱు తొమ్మిదివందలు కావలెను, తొళ్ళాయిరము తొమ్మిదివేలు కావలెను. అట్లు కాలేదు. కావున తొళ్ శబ్దము తనకు పరమైన పెద్దసంఖ్యకు ఒక మెట్టు తక్కువ యని చెప్పుచున్నది. పదికి ఒక మెట్టు తక్కువైనది 9. నూఱునకు ఒక మెట్టు, అనఁగా ఒక పది, తక్కువైనది 90. వేయికి ఒక మెట్టు, అనఁగా ఒక నూఱు, తక్కువైనది 900. ఈ క్రమమున నెచ్చటను పొరపొచ్చెము లేదు. ఈ వరుసలో తొమ్మిది చివర పది యుండుటకు కారణము తేటపడుచున్నది.

అట్లైన తొంబది మాట యేమి? ఇది తరువాతి నిర్మాణము. తొళ్ + పది యను పదము సంఖ్యల వరుసలో ఎనిమిది తరువాత నిరంతరము వినఁబడుటచే, తొణ్ అను భాగమునకే తొమ్మిది యను విలువ సంక్రమించినది. ఎణ్ అనఁగా ఎనిమిది, తొణ్ అనఁగా తొమ్మిది యను పోలిక యేర్పడినది. కన్నడమున ఎణ్టు అను రూపమున్నట్లే ప్రాచీన తమిళమున తొణ్టు వచ్చినది. డెబ్బది, ఎనుబది యను వరుసలో తెలుఁగు కన్నడములకు తొంబది, తొంబత్తు వచ్చినవి.

తొమ్మిది పాతది, తొంబది క్రొత్తది యనుటకు తెలుఁగునందే ఆధార మున్నది. తొమ్మిదిలో మ్బ మ్మ యైనది. నడిమి యచ్చు మాఱినది. పది గుర్తుపట్టరాని విధముగా లీనమైనది. తొంబదిలో మ్బ నిలిచినది. పది స్పష్టముగా వినఁబడుచున్నది. రెండును ఒకేకాలమున నేర్పడినవైనచో రెంటికిని ఒకే మార్పు జరుగవలసినది. పాతసమాసము కరఁగిపోయిన తరువాత క్రొత్తసమాస మేర్పడుటచేతనే యీ భేదము కలిగినది. 9, 90 సంఖ్యలను వేఱుపఱచుకొనుట వ్యవహారమున అత్యవసరము. ధాన్యము కొలుచువాఁడు రెంటిని కలగాపులగము చేసికొనఁజాలఁడు. తెలుఁగున మ్మ, మ్బ భేదముచే నవి వేఱుపడినవి. కన్నడమున తకారము లేకపోవుట, ఉండుట యను భేదముచే వేఱుపడినవి. తమిళమున నూఱు చేరుటచే నా సమస్యయే కలుగలేదు.

తొళ్ళాయిరము మఱియొక కాలసూచన నిచ్చుచున్నది. ఆయిరము దేశ్యము కాదు. సంస్కృత సహస్రమునుండి ప్రాకృతముల ద్వారా వచ్చిన మాట. కన్నడమునందలి సాసిర, సావిర రూపములు దాని మార్గమును చూపుచున్నవి. కావున తొళ్ళాయిరము మూలద్రావిడకాలపు మాట కాదు. ఎరవుమాటతో కూడ తొళ్ చేర్చి క్రొత్తసంఖ్యను నిర్మింపఁగలిగిరనఁగా, 'ఒక మెట్టు తక్కువ' యను తొళ్ అర్థము అప్పటికి దక్షిణశాఖలో సజీవముగా నుండెనన్నమాట. తెలుఁగున వేయి దేశ్యము. అయినను మనవారు వేయికి తొళ్ చేర్చక, తొమ్మిదికి నూఱు చేర్చి తొమ్మన్నూఱనిరి. తెలుఁగున తొళ్ అర్థము అంతకు ముందే మఱవఁబడినది. రూపమును నిలుపుకొన్నది తెలుఁగు. అర్థమును ఎక్కువకాలము నిలుపుకొన్నది తమిళము. ఒక భాషను మాత్రమే చూచినవారికి ఈ మాట చరిత్ర సగమే కనఁబడును.

ఎనిమిదిలోని 'మిది' సంగతి మిగిలినది. పదికి రెండు తక్కువ యని దీనికి అర్థము చెప్పవచ్చునా? వీలులేదు. ఎణ్ అనఁగా రెండు కాదు. తమిళ ఎట్టు, కన్నడ ఎణ్టు పదితో పనిలేకయే ఎనిమిదిని చెప్పుచున్నవి. ఎనుబదిలోను ఎణ్ ఎనిమిదియే. కాఁబట్టి తెలుఁగున ఎనిమిది చివరి భాగము పక్కనున్న తొమ్మిదిని చూచి చేరినది. లెక్కించునపుడు ఒకదాని వెంట ఒకటి పలుకఁబడు మాటలు ప్రాసకు లోఁబడుట సహజము. ఎనమండ్రు, తొమ్మండ్రు, ఎనమన్నూఱు, తొమ్మన్నూఱు, ఈ జంటలు ఆ ప్రాసను మఱింత దృఢపఱచినవి.

తెలుఁగు సాక్ష్యమునకు ఇంత విలువ యేల యనఁగా, ఉత్తరమున నున్న సోదరభాష లీ విషయమున మనకు తోడ్పడవు. బ్రాహుయీలో మొదటి మూఁడు సంఖ్యలు, కురుఖ్‌లో మొదటి నాలుగు, మాల్తోలో మొదటి రెండు మాత్రమే ద్రావిడములు, పైవన్నియు ఎరవు. తెలుఁగునకు దగ్గఱి బంధువులైన గోండి, కువి మొదలగు భాషలలోను పైసంఖ్యలకు ఆర్యభాషాపదములు విరివిగా ప్రవేశించినవి. తమిళ కన్నడాదులు ఒక శాఖకు చెందినవి. వానిలో తొమ్మిది తకారమును కోల్పోవుట ఆ శాఖలో జరిగిన మార్పు. ఆ శాఖకు వెలుపలనుండి ఆ మార్పును పట్టి చూపఁగల భాష తెలుఁగు. ద్రావిడభాషలలో తమిళరూపమే సర్వత్ర ప్రాచీనతరమని తలఁచి పని ప్రారంభించుట యెంత ప్రమాదకరమో ఈ ఒక్కమాట నిరూపించుచున్నది. తెలుఁగురూపమే సర్వత్ర ప్రాచీనమనుటయు నట్టి ప్రమాదమే. తొంబది విషయమున తమిళమే పాతక్రమమును కాపాడినదని మనము చూచితిమి.

బోధకులు తొమ్మిదిని తరగతిలో విడదీయునపుడు 'ఒకటి'ని గాని 'తొలి'ని గాని దానిలోనికి తేకుండుట మేలు. తొళ్ + పది యని విడదీసి, వెన్న, వెన్నెల ఉదాహరణములుగా సంధిని చూపి, కొంబు కొమ్మైన విధమున మ్బ మ్మ యగుటను చూపినచో, విద్యార్థికి ఒక్కమాటలో తులనాత్మకపద్ధతి యంతయు బోధపడును.

పరిశోధకులకు చేయవలసిన పని శాసనములలో నున్నది. శకవర్షములు 900 మొదలు 999 వఱకు, అనఁగా క్రీ.శ. 978 మొదలు 1078 వఱకు గల శతాబ్దిలో పుట్టిన తెలుఁగుశాసనములలో సంవత్సరమును మాటలలో చెప్పినచోట్ల తొమ్మన్నూఱునకు సంబంధించిన రూపములు వచ్చితీరవలెను. నన్నయ జీవించిన కాలమును ఆ శతాబ్దియే. ఆ తేదీలను, ముద్రితపాఠమును మాత్రము నమ్మక, శాసనప్రతికృతులతో సరిచూచి, మ్బ, మ్మ రూపములను అకార ఇకారములతో సహా కాలక్రమమున పట్టికగా కూర్చినచో, పైని మేము ధ్వనిసూత్రములనుబట్టి చెప్పిన క్రమమునకు లిఖితసాక్ష్యము చేకూరును. లేదా ఆ పట్టికయే మా క్రమమును సవరించును. రెంటిలో నేది జరిగినను తెలుఁగు సంఖ్యావాచకముల చరిత్రకు లాభమే.